మూతి పేలిందా? పెదవి మీద నీటి పొక్కుల్ని గుర్తుపట్టి మాన్పుకోవడం ఎలా

జ్వరం తగ్గి హమ్మయ్య అనుకునేలోపు పెదవి అంచున గుత్తిగా నీటి పొక్కులు లేస్తాయి. ఇంట్లో ఒకరు రాత్రి బల్లి పాకిందంటారు, ఇంకొకరు వేడి చేసిందంటారు, పక్కింటావిడ కాస్త సున్నం పెట్టమంటుంది. మందుల షాపుకు వెళ్లి "మూతి పేలిందండీ, ఏదైనా ఆయింట్‌మెంట్ ఇవ్వండి" అంటే చేతికందిన ట్యూబేదో ఇచ్చి పంపేస్తారు. నన్ను ఎక్కువమంది అడిగేది మూడే ప్రశ్నలు: ఇది ఏమిటి, ఏం రాయాలి, పిల్లలకు అంటుకుంటుందా? వాటికి జవాబు ఒకచోట ఉంటే మంచిదని ఇది రాస్తున్నాను.

చివరిదాకా చదివే ఓపిక లేకపోతే ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి. ఈ పొక్కుకు మందు బాగా పనిచేసేది మొదటి రోజే. అది కూడా పొక్కు లేవకముందు, పెదవి చిమచిమలాడుతున్నప్పుడు. ఐదారు రోజులకు పక్కు కట్టాక మొదలుపెట్టే క్రీమ్ మన తృప్తి కోసమే.

కాస్త అసలు సంగతి

దీనికి కారణం హెర్పిస్ సింప్లెక్స్ అనే వైరస్. పెదవి మీద వచ్చేది చాలావరకు దాని మొదటి రకం. చిన్నప్పుడే ఎవరి ముద్దు వల్లో, ఎంగిలి వల్లో ఒంట్లోకి వస్తుంది. మొదటిసారి చాలామందికి వచ్చిన సంగతే తెలియదు. తర్వాత ముఖానికి స్పర్శనిచ్చే నరం మూలంలో జీవితాంతం దాక్కుంటుంది. జ్వరం, జలుబు, మండే ఎండ, నిద్రలేమి, నెలసరి, టెన్షన్, పెదవికి దెబ్బ తగలడం, పన్ను పీకించుకోవడం, వీటిలో ఏది జరిగినా అదే నరం వెంట మళ్లీ పెదవికి దిగుతుంది. అందుకే ఎప్పుడూ దాదాపు అదే చోట లేస్తుంది.

హెర్పిస్ అనే పేరు నెట్‌లో చూసి భార్యాభర్తలు ఒకరినొకరు అనుమానించుకున్న ఇళ్లున్నాయి. ప్రపంచంలో 50 ఏళ్ల లోపు వాళ్లలో సుమారు 64 శాతం మందిలో ఈ మొదటి రకం వైరస్ ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఎక్కువమందికి చిన్నతనంలో అమ్మమ్మ ముద్దుతోనో, తోటి పిల్లల ఎంగిలితోనో వచ్చి ఉంటుంది. పెదవి మీద పొక్కు ఎవరి నడవడికకూ సాక్ష్యం కాదు.

ముందు ఇది అదేనా కాదా తేల్చుకోండి

మంచి వెలుతురులో అద్దం ముందు నిలబడండి. ఫోన్‌తో దగ్గరగా ఒక ఫొటో కూడా తీసి ఉంచుకోండి, తర్వాత పనికొస్తుంది. ఇవి చూడండి:

- పొక్కులు లేవడానికి కొన్ని గంటల ముందో, ఒక రోజు ముందో అదే చోట చురుకు, దురద, మంట, లాగినట్టు అనిపించిందా?
- ఆవగింజంత, అంతకన్నా చిన్న నీటి పొక్కులు నాలుగైదు ఒకేచోట గుత్తిగా ఉన్నాయా? చుట్టూ ఎర్రగా ఉందా?
- పెదవి ఎరుపు, బయటి చర్మం కలిసే అంచు మీదే ఉందా? ఒక పక్కనే ఉందా?
- ఇంతకుముందు కూడా ఇదే చోట వచ్చిందా?

నాలుగింటిలో మూడు అవునంటే చాలావరకు ఇదే. రక్తపరీక్ష అక్కర్లేదు. చూసే చెప్పేస్తారు డాక్టర్లు కూడా.

ఇప్పుడు, ఇది కానివి. జనం ఎక్కువగా తప్పటడుగు వేసేది ఇక్కడే కాబట్టి కొంచెం తీరిగ్గా చెబుతాను.

నోటి పూత వేరు. అది నోటి లోపల, బుగ్గకో, పెదవి లోపలి వైపో, నాలుక కిందో తెల్లగా గుండ్రంగా వస్తుంది. నీటి పొక్కులుండవు, ఒకరి నుంచి ఒకరికి అంటదు. దానికి వైరస్‌ను అణిచే క్రీమ్ రాయడం వల్ల లాభం లేదు.

మూతి చివర్లు పగలడం వేరు. రెండు మూలల్లోనూ చీలినట్టు ఉండి, నోరు పెద్దగా తెరిస్తే నొప్పి పుడుతుంటే అది బి విటమిన్లో ఇనుమో తక్కువై కావచ్చు, ఫంగస్ కావచ్చు, కట్టుడు పళ్లు సరిగ్గా కుదరక చొంగ కారడం వల్ల కావచ్చు. షుగర్ ఉన్నవాళ్లలో తరచూ కనిపిస్తుంది.

పిల్లల మూతి చుట్టూ తేనె గడ్డకట్టినట్టు పసుపు పచ్చని పక్కులు లేచి పక్కలకు పాకుతుంటే అది బాక్టీరియా వల్ల వచ్చే పుండు. దానికి యాంటీబయాటిక్ కావాలి.

నిజంగానే పురుగు పాకడం కూడా ఉంది. వానాకాలంలో ట్యూబ్‌లైటు చుట్టూ మూగే నలుపు, నారింజ చారల సన్నటి పురుగును ఒంటి మీద నలిపితే దాని రసం చర్మాన్ని కాలుస్తుంది. ఆ మచ్చ చారలా సాగి ఉంటుంది, మెడ మీదో చెంప మీదో వస్తుంది, అదే చోట మళ్లీ మళ్లీ రాదు. పాపం బల్లికి మాత్రం దీనితో ఏ సంబంధమూ లేదు.

అన్నిటికన్నా ఎక్కువగా బోల్తా కొట్టించేది మాత్ర పడకపోవడం. జ్వరానికో, ఒళ్లు నొప్పులకో, విరేచనాలకో ఒక మాత్ర వేసుకుంటారు. కొన్ని గంటల్లోనే పెదవి మీద ఒకచోట మండి, ఉబ్బి, నల్లగా కమిలి, ఒక్కోసారి పొక్కు లేస్తుంది. మళ్లీ ఆ మాత్ర వేసుకున్నప్పుడల్లా సరిగ్గా అదే చోట వస్తుంది. మానాక బూడిద రంగులోనో నల్లగానో మచ్చ నెలల తరబడి ఉండిపోతుంది. సల్ఫా మాత్రలు, విరేచనాలకు ఇచ్చే మెట్రోనిడజోల్, ఆర్నిడజోల్ లాంటివి, నొప్పి మాత్రలు దీనికి పేరుపడ్డాయి. "జ్వరం వల్ల పేలింది" అనుకుంటూ ఏళ్ల తరబడి ఎసైక్లోవిర్ అనే వైరస్ మందు రాసుకునేవాళ్లుంటారు, అసలు దోషం మాత్రలో ఉంటుంది. తేడా పట్టుకోవడానికి ఒకటే ప్రశ్న: పొక్కు లేచే ముందు రోజు ఏ మాత్ర వేసుకున్నారు, పోయినసారీ అదే వేసుకున్నారా? అవునంటే ఆ పేరు కాగితం మీద రాసి డాక్టరుకు చూపించండి. పెదవితో పాటు నోట్లో, కళ్లలో, ఒంటి మీద కూడా పొక్కులు లేస్తుంటే మాత్ర ఆపేసి ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లండి.

ఇక చుట్ట, ఖైనీ, గుట్కా అలవాటున్నవాళ్లకు. నొప్పి లేకుండా, అంచులు గట్టిపడి, మూడు వారాలు దాటినా మానని పుండు ఏదైనా సరే, ఇంట్లో వైద్యం వద్దు. క్యాన్సర్ కాదని పరీక్ష చేయించుకోవాల్సిందే.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- ఎసైక్లోవిర్ చర్మానికి రాసే క్రీమ్, 5 శాతం, చిన్న ట్యూబు. ట్యూబు మీద అంకె చదవండి. 3 శాతం అని ఉన్నది కంటికి వేసే ఆయింట్‌మెంట్. రెండూ ఒకటి కావు.
- కాటన్ బడ్స్, శుభ్రమైన దూది
- వాజలీన్ లాంటి పెట్రోలియం జెల్లీ చిన్న డబ్బా, ఈ పుండు కోసం విడిగా
- ఐస్ ముక్కలు, పల్చటి చేతి రుమాలు
- పారాసిటమాల్ మాత్రలు
- ఈ వారం రోజులు మీరొక్కరే వాడుకునే టవల్, గ్లాసు
- ఎండలో తిరిగే పని ఉంటే ఎస్‌పీఎఫ్ 30 ఉన్న లిప్ బామ్

అమెరికాలో ఉన్నవాళ్లకు చీటీ లేకుండా డోకోసనాల్ అనే క్రీమ్ దొరుకుతుంది. అదీ మొదటి చురుకులోనే మొదలుపెట్టాలి, రోజుకు ఐదుసార్లు.

ఇక చేయాల్సింది

1. చురుకు పుట్టగానే మొదలుపెట్టండి. ఒకసారి వచ్చినవాళ్లకు రెండోసారి ఆ చురుకు ఇట్టే తెలిసిపోతుంది. "రేపు చూద్దాంలే" అనుకోవద్దు. రాత్రి పదకొండింటికి తెలిసినా అప్పుడే క్రీమ్ రాయండి. తరచూ వచ్చేవాళ్లు అందుకే ట్యూబును ఇంట్లో ఒకటి, ఆఫీసు బ్యాగులో ఒకటి ఉంచుకోవాలి. గడువు తేదీ చూసుకుంటూ ఉండండి.

2. చేతులు సబ్బుతో కడుక్కోండి, మూతిని మామూలు నీళ్లతో కడిగి అద్దండి. రుద్దొద్దు. తుడుచుకున్న టవల్ విడిగా పెట్టండి.

3. క్రీమ్ కాటన్ బడ్‌తో రాయండి. మినపగింజంత చాలు. పొక్కుల గుత్తి మీద, దాని చుట్టూ కొద్దిగా ఎర్రగా ఉన్నంత మేర పల్చగా అద్దండి. మెలకువగా ఉన్నంతసేపు సుమారు నాలుగు గంటలకోసారి, అంటే రోజుకు ఐదుసార్లు, ఐదు రోజులు. పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి రాసి "పనిచేయలేదండీ" అనేవాళ్లే ఎక్కువ. వాడిన బడ్‌ను మళ్లీ ట్యూబు మూతికి తాకించొద్దు. ఒకవైపు వాడాక చెత్తబుట్టలో వేయండి. నోటి లోపల, కంట్లో ఈ క్రీమ్ వేయకూడదు.

ఆశలు ఎంతవరకు పెట్టుకోవాలో కూడా చెప్పాలి. వేళకు రాసినా క్రీమ్ వల్ల తగ్గేది అరరోజు, మహా అయితే ఒక రోజు. మాయమైపోతుందనుకుంటే నిరాశే. ఏమీ రాయకపోయినా ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో ఇది వారం పది రోజుల్లో మానుతుంది. చేతిలో క్రీమ్ లేకపోయినా, మూడో రోజు గుర్తొచ్చినా కంగారు పడక్కర్లేదు. మూడు, నాలుగు అంకెలు వదిలేసి మిగతావి చేయండి, సరిపోతుంది.

4. మాత్ర కావాలా అని డాక్టరును అడగండి, మొదటి రోజే. ఏడాదిలో చాలాసార్లు వచ్చేవాళ్లకు, పెద్ద పొక్కులు వచ్చేవాళ్లకు, పెళ్లో ఇంటర్వ్యూనో దగ్గర్లో ఉన్నవాళ్లకు క్రీమ్ కన్నా మాత్ర మెరుగు. పెద్దవాళ్లకు డాక్టర్లు ఇచ్చే పద్ధతుల్లో ఒకటి ఒక్క రోజు కోర్సు: వాలాసైక్లోవిర్ 2 గ్రాములు, మళ్లీ 12 గంటల తర్వాత ఇంకో 2 గ్రాములు, అంతే. కొందరు ఎసైక్లోవిర్ ఐదు రోజులు రాస్తారు. చురుకు దశలో వేసుకుంటేనే దీని విలువ.

ఇది చదివి మీ అంతట మీరు కొని మింగొద్దు. ఈ మందు కిడ్నీల ద్వారా బయటికి పోతుంది. కిడ్నీ బలహీనంగా ఉన్నవాళ్లకు మోతాదు తగ్గించకపోతే తల తిరగడం, తికమక పడడం, కిడ్నీ ఇంకా దెబ్బతినడం దాకా వెళ్తుంది. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం వైపు వాళ్లు, ఏళ్లుగా షుగర్, బీపీ ఉన్నవాళ్లు కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష చేయించుకున్నాకే ఈ మాత్ర గురించి ఆలోచించాలి. వేసుకున్న రోజు నీళ్లు బాగా తాగాలి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు ఆ సంగతి ముందే చెప్పాలి.

5. సలుపు ఉంటే చల్లదనం పెట్టండి. ఐస్ ముక్కను రుమాల్లో చుట్టి ఐదు నుంచి పది నిమిషాలు ఆనించండి. రోజుకు మూడు నాలుగుసార్లు పెట్టొచ్చు. ఐస్‌ను నేరుగా పెదవికి అంటిస్తే చర్మం కమిలి ఇంకో పుండవుతుంది. నొప్పి ఎక్కువైతే పారాసిటమాల్ 500 లేదా 650, ఆరు గంటల ఎడంతో. పక్కన జ్వరం కూడా ఉండి, డెంగీ కాదని ఇంకా తేలకపోతే ఇబుప్రోఫెన్, డైక్లోఫెనాక్, ఆస్పిరిన్ జోలికి పోవద్దు.

6. కారం, పులుపు, ఉప్పు పక్కన పెట్టండి. కొత్తావకాయ సీజన్‌లో ఈ మాట చెప్తే ఎవరూ వినరని తెలుసు. కానీ పచ్చి పుండు మీద ఆవకాయ నూనె తగిలితే ఎలా ఉంటుందో ఒకసారి తగిలినవాళ్లను అడగండి. పెరుగన్నం, ఇడ్లీ, రాగి జావ, అరటిపండు హాయి. టీ కాస్త చల్లారాక తాగండి. చిన్న ముద్దలు చేసుకుంటే నోరు పెద్దగా తెరవక్కర్లేదు, పక్కు చిట్లదు.

7. రసి ఆరి పక్కు కట్టాక మెత్తగా ఉంచండి. ఎండిపోయిన పక్కు నవ్వినప్పుడల్లా పగిలి రక్తం వస్తుంది. వాజలీన్‌ను కాటన్ బడ్‌తో రోజుకు నాలుగైదుసార్లు పల్చగా రాయండి. కొబ్బరి నూనె అయినా ఫర్వాలేదు, దానికి వైరస్‌ను చంపే శక్తి ఉందని మాత్రం అనుకోవద్దు. పుండును కప్పే పల్చటి హైడ్రోకొల్లాయిడ్ పట్టీలు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. ఆఫీసుకు వెళ్లేవాళ్లకు అవి బాగుంటాయి. చేతులు అస్తమానం దాని మీదకు పోవు. అంటించేది శుభ్రమైన, పొడిగా ఉన్న చర్మం మీద. క్రీమ్ రాసి దాని మీద పట్టీ వేస్తే నిలవదు.

8. పక్కు దానంతటదే రాలేదాకా ఎంగిలి పట్టింపు పాటించండి. మడి, ఎంగిలి అని మన పెద్దవాళ్లు విసిగిస్తారని మనం నవ్వుకుంటాం గానీ, ఈ వారం వాళ్ల మాటే వినాలి. బాటిల్ నోటికి కరిపించకుండా నీళ్లు ఎత్తి పోసుకోండి. గ్లాసు, చెంచా, టవల్, లిప్‌స్టిక్, లిప్ బామ్, సిగరెట్, పిల్లల కోసం నోటితో ఊదే బుడగలు, ఏదీ పంచుకోవద్దు. మీరు కొరికిన జామకాయ పిల్లకు పెట్టొద్దు. ముద్దులు వద్దు, నోటితో చేసే శృంగారం అసలు వద్దు, అలా జననాంగాలకు కూడా అంటుకుంటుంది. రసి కారే రోజుల్లో అంటుకునే అవకాశం అన్నిటికన్నా ఎక్కువ. పొక్కు లేనప్పుడు కూడా అప్పుడప్పుడు ఉమ్మిలో వైరస్ ఉంటుంది, అయితే దానికోసం జీవితాంతం దూరంగా కూర్చోనక్కర్లేదు.

పసిబిడ్డ విషయంలో మాత్రం రాజీ లేదు. నెల రోజుల లోపు బిడ్డకు ఈ వైరస్ సోకితే మెదడు దాకా పాకి ప్రాణం మీదకు వస్తుంది. పురిటింటికి, బారసాలకు వెళ్లేటప్పుడు మూతి మీద పొక్కు ఉంటే బిడ్డను ఎత్తుకోవద్దు, ముద్దసలే వద్దు. ఎవరేమనుకున్నా సరే. తల్లికే పొక్కు ఉంటే మాస్కు కట్టుకుని, చేతులు కడుక్కుని పాలివ్వొచ్చు. రొమ్ము మీద పొక్కు ఉంటే ఆ వైపు ఆపి వెంటనే పిల్లల డాక్టరును అడగాలి.

పదేపదే చూసే పొరపాట్లు

*సూదితో గుచ్చడం.* నీరు పోతే తగ్గుతుందనుకుంటారు. ఆ నీటి నిండా వైరస్సే. గుచ్చితే పక్కకు పాకుతుంది, వేలికి అంటుకుంటుంది, పైగా చీము పడుతుంది. వేలి గోరు పక్కన అవే పొక్కులు లేచి విపరీతంగా సలపడం ఇలా గుచ్చడం, గిల్లడం వల్ల కూడా వస్తుంది.

*ఇంట్లో ఉన్న దురద ట్యూబు రాయడం.* తామరకని కొన్న ట్యూబులు ప్రతి ఇంట్లో ఒకటి ఉంటాయి. వెనక సన్న అక్షరాల్లో బెటామెథసోన్, క్లోబెటాసోల్, మొమెటాసోన్ అన్న పేర్లలో ఏదుందో చూడండి. ఇవి స్టెరాయిడ్లు. రాసిన రోజు ఎరుపు తగ్గి హాయిగా ఉంటుంది, లోపల వైరస్‌కు అడ్డు లేకుండా పోతుంది. ముఖానికి అవి మామూలుగానే మంచివి కావు.

*సున్నం, టూత్‌పేస్టు, నిమ్మరసం, ఉప్పు, బ్యాటరీ నీళ్లు.* చివరిదాన్ని నేను కల్పించలేదు, అదీ అడుగుతారు. ఇవన్నీ చర్మాన్ని కాలుస్తాయి. మానినట్టు కనిపించేది కాలిన పక్కు. పసుపు అంత హానికరం కాదు గానీ, వంటింటి పొడిని పచ్చి పుండు మీద చల్లితే మురికి తప్ప మేలు ఉండదు.

*యాంటీబయాటిక్ మాత్రలు.* అమాక్సిసిలిన్‌కు, అజిత్రోమైసిన్‌కు వైరస్ లొంగదు. చీము పట్టిందని డాక్టరు తేల్చినప్పుడే వాటి అవసరం.

*పుండు మీదుగా గడ్డం గీసుకోవడం.* బ్లేడు వెంట వైరస్ గడ్డమంతా పాకుతుంది. ఆ నాలుగు రోజులు గడ్డం పెంచుకోండి. తప్పదంటే ట్రిమ్మర్‌తో పుండుకు దూరంగా కానిచ్చి, సెలూన్‌కు మాత్రం వెళ్లకండి.

*కాంటాక్ట్ లెన్సును ఉమ్మితో తడపడం.* మామూలు రోజుల్లోనే చేయకూడని పని. పొక్కు ఉన్నప్పుడు చేస్తే వైరస్‌ను చేతులారా కంట్లో పెట్టుకున్నట్టే. పొక్కు ఉన్నన్నాళ్లూ కళ్లద్దాలకు మారడం మంచిది.

*పన్ను డాక్టరు అపాయింట్‌మెంట్‌కు వెళ్లిపోవడం.* ఫోన్ చేసి సంగతి చెప్పండి. అత్యవసరం కాకపోతే వాళ్లే వారం వాయిదా వేస్తారు.

మానుతోందో లేదో ఎలా చూసుకోవాలి

రోజూ పొద్దున అదే కిటికీ దగ్గర, అదే దూరం నుంచి ఫోన్‌తో ఫొటో తీయండి. అద్దంలో గంటకోసారి చూసుకుంటే తేడా తెలియదు, టెన్షన్ మాత్రం పెరుగుతుంది. ఫొటోలు వరుసగా చూస్తే నడక ఇలా ఉండాలి:

మొదటి రోజు చురుకు, ఎరుపు, కాస్త వాపు. రెండో రోజుకు నీటి పొక్కులు, అవి ఒకదానితో ఒకటి కలుస్తాయి. మూడు నాలుగు రోజులకు చితికి రసి కారి పచ్చి పుండవుతుంది. నొప్పి ఎక్కువగా ఉండేదీ, చూడ్డానికి ఘోరంగా ఉండేదీ అప్పుడే, "మందు వికటించింది" అని జనం క్రీమ్ మార్చేదీ అప్పుడే. మార్చకండి, అది మామూలు నడకే. ఐదారు రోజులకు పసుపో గోధుమో రంగు పక్కు కడుతుంది. ఏడు నుంచి పది రోజుల్లో రాలిపోతుంది. కింద గులాబీ రంగు లేత చర్మం కనిపిస్తుంది. మన చర్మాలకు కొన్ని వారాలు నల్లటి మచ్చ ఉండొచ్చు. గిల్లకుండా ఉంటే, ఎండ తగలకుండా చూస్తే పోతుంది. మచ్చకని వెంటనే తెల్లబరిచే క్రీములు రాయొద్దు.

పక్కు రాలాక వేలితో నెమ్మదిగా తాకండి. చర్మం పొడిగా, మొత్తం మూసుకుని ఉంటే మానినట్టే. తడి తగిలితే ఇంకా మానలేదు, ఎనిమిదో అంకె ఇంకా అమల్లో ఉన్నట్టే. మానాక టూత్‌బ్రష్ మార్చండి.

నడక తప్పిందనడానికి గుర్తులు: ఐదో రోజు తర్వాత ఎరుపు, వాపు తగ్గకపోగా చెంప మీదకు పాకడం, పసుపు పచ్చ చీము, తగ్గిన జ్వరం మళ్లీ రావడం, దవడ కింద బిళ్లలు బాగా వాచి నొప్పి పెట్టడం, పది రోజులకు కూడా పక్కు రాలకపోవడం. వీటిలో ఏదున్నా చూపించుకోండి.

ఇంట్లో కూర్చోకూడని సందర్భాలు

కన్ను ఎర్రబడి, నొప్పి పుట్టి, వెలుతురు చూడలేకపోతుంటే, చూపు మసకబారితే అదే రోజు కంటి డాక్టరు దగ్గరికి వెళ్లండి. వైరస్ నల్లగుడ్డుకు సోకితే మచ్చపడి చూపు పోవచ్చు. షాపులో కళ్లకలకకని ఇచ్చే చుక్కలు వేసుకోవద్దు. వాటిలో స్టెరాయిడ్ ఉంటే పని ముదిరిపోతుంది. హైదరాబాదు, విశాఖ, విజయవాడల్లో ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రులున్నాయి. దగ్గర్లో లేకపోతే జిల్లా ఆసుపత్రి కంటి విభాగమైనా సరే.

ఒకటి నుంచి ఐదేళ్ల పిల్లలకు మొదటిసారి వస్తే ఒక్కోసారి పెదవితో ఆగదు. జ్వరం, చిగుళ్లు వాచి రక్తం కారడం, నోరంతా పుళ్లు, చొంగ, ముద్ద ముట్టకపోవడం ఉంటాయి. పది పదిహేను రోజులు పడుతుంది. ఇందులో ప్రమాదం నీళ్లు తాగకపోవడంతోనే. చల్లటి పాలు, కొబ్బరి నీళ్లు, ఓఆర్‌ఎస్ చెంచా చెంచాగా పట్టండి. ఎనిమిది గంటలుగా పాస్ పోయకపోతే, ఏడిస్తే కన్నీళ్లు రాకపోతే ఆసుపత్రికి. మొదటి మూడు రోజుల్లోనే చూపిస్తే డాక్టరు వైరస్ మందు సిరప్ రూపంలో ఇవ్వగలరు. పిల్లలకు ఆస్పిరిన్ వద్దు.

ఒంటి మీద ఎగ్జిమా ఉన్న పిల్లలకు పొక్కులు ఆ చర్మమంతా పాకితే అది ఎమర్జెన్సీ. కీమో నడుస్తున్నవాళ్లు, అవయవ మార్పిడి అయినవాళ్లు, హెచ్‌ఐవీ ఉన్నవాళ్లు, రోజూ స్టెరాయిడ్ మాత్రలు వేసుకునేవాళ్లు చిన్న పొక్కైనా ముందే ఫోన్ చేసి చెప్పాలి. నుదురు, ముక్కు, చెంప ఒక పక్కనే వరుసగా పొక్కులు లేచి మంట పుడితే అది సర్పి కావచ్చు. దాని మందు మోతాదు వేరు, మూడు రోజుల్లోపు మొదలవ్వాలి.

తలనొప్పి, మగత, అయోమయంగా మాట్లాడడం, ఫిట్స్ లాంటివి జ్వరంతో కలిసి వస్తే పెదవి సంగతి మరిచిపోయి మనిషిని ఆసుపత్రికి చేర్చండి.

మళ్లీ మళ్లీ వస్తుంటే

ఒక చిన్న పుస్తకంలో వచ్చిన తేదీ, అంతకు ముందు రెండు రోజులు ఏం జరిగిందో రాయండి. రెండు మూడు సార్లకు ఒక కారణం బయటపడుతుంది. ఎండే కారణమైతే మే నెలలో బండి మీద వెళ్లేటప్పుడు ముఖానికి స్కార్ఫ్, పెదవికి ఎస్‌పీఎఫ్ 30 బామ్, రెండు గంటలకోసారి మళ్లీ రాయడం. మనాలీ మంచులో పెదవి పేలి తిరిగొచ్చేవాళ్లు చలి అనుకుంటారు. మంచు మీద పడి పైకి కొట్టే ఎండ పని అది. అమెరికాలో కొలరాడో మంచుకు వెళ్లే మన పిల్లలదీ అదే కథ. నెలసరికి ముందు వచ్చేవాళ్లు ఆ తేదీల్లో క్రీమ్ దగ్గర ఉంచుకోవాలి. లైసిన్ మాత్రల గురించి చాలామంది అడుగుతారు. వాటి వల్ల లాభముందని గట్టి ఆధారం లేదు, నేనైతే డబ్బు పెట్టను.

ఏడాదికి ఆరుసార్లు, అంతకన్నా ఎక్కువ వస్తుంటే, వచ్చినప్పుడల్లా పనులు ఆగిపోతుంటే చర్మ డాక్టరును కలిసి రోజూ తక్కువ మోతాదులో వేసుకునే మాత్ర గురించి అడగండి. వెళ్లేటప్పుడు ఆ పుస్తకం, ఫోన్‌లో ఫొటోలు, మీరు వాడే మందులన్నిటి చీటీ, ఈమధ్య చేయించిన క్రియాటినిన్ రిపోర్టు తీసుకెళ్లండి. పొక్కు లేని రోజున వెళ్లినా ఆ ఫొటోలు చూసి ఆయన తేల్చగలరు.